ఓటు లేని కుర్చీ



1987లో మా తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్‌ని ఎన్నుకున్నప్పుడు నాకు ఓటు లేదు. వయసు చాలక కాదు, పెద్దాపురం పట్నంలో కాపురం ఉన్నందుకు. మాది పాతకాలపు మునిసిపాలిటీ. జిల్లా పరిషత్ పల్లెటూళ్ళ వ్యవహారం. మునిసిపాలిటీ హద్దు లోపలున్నవాడికి అందులో ఓటుండదు. పాండవుల మెట్ట ఎక్కి చూస్తే కనిపించేంత దూరంలో ఉన్న కట్టమూరు వాళ్ళకి ఉంది, గోరింట వాళ్ళకి ఉంది. నల్లకోటు వేసుకుని కోర్టుకి పోయే నాకు లేదు.

ఆ వారం దివిలి నుంచి ఒక గట్టు తగాదా పార్టీ మా ఇంటికొచ్చాడు. వాయిదా సంగతి అడగాల్సినవాడు ముందు సిరా చుక్క పెట్టిన వేలు చూపించాడు. "జిల్లా మొత్తానికి ఒక్కడేనంటండి ప్లీడరుగారూ. మద్దిలో ఎవరూ లేరంటండి. నేరుగా మేవే ఏసేశావండి" అన్నాడు. ఆ 'నేరుగా' అన్న మాట దగ్గర అతని గొంతు కొంచెం లేచింది. నాకు కొంచెం అసూయ కలిగిందని ఒప్పుకుంటాను.

అతను చెప్పింది నిజమే. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం పాత తాలూకాలూ సమితులూ తీసేసి మండలాలు పెట్టింది. జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణి జనమే సూటిగా ఎన్నుకోవాలంది. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. జడ్పీటీసీలు గెలిచి, వాళ్ళు కూర్చుని అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. అప్పుడు అలా కాదు. తుని నుంచి అంతర్వేది దాకా, మారేడుమిల్లి కొండల నుంచి సముద్రం ఒడ్డు దాకా ఊరూరూ తిరిగి ఓటడగాలి. ఒక పార్లమెంటు సభ్యుడు తిరగాల్సిన దానికన్నా అది పెద్ద నేల. అలా తిరిగి గెలిచినాయనకి అప్పటికి ముప్పై ఆరేళ్ళు నిండలేదు. పేరు గంటి మోహనచంద్ర బాలయోగి. ఈపూట నేను మాట్లాడబోయేది ఆయన గురించే.

ముందే ఒక మాట చెప్పాలి. బాలయోగిగారితో నాకు పరిచయం లేదు. ఆయన కాకినాడ బారులో ప్రాక్టీసు చేసిన రోజుల్లోనే నేనూ పని మీద కాకినాడ కోర్టుకి పోతూ వస్తూ ఉండేవాణ్ణి. అంతమాత్రాన "మేమిద్దరం కలిసి టీ తాగేవాళ్ళం" అని చెప్పుకునే రకాన్ని కాను. పెద్ద పదవిలోకి వెళ్ళినవాళ్ళకి చిన్ననాటి స్నేహితులు ఏటేటా పెరుగుతూ ఉంటారు, ఆ లెక్కలో నన్ను వెయ్యకండి.

ఆయన పుట్టింది 1951 అక్టోబరు 1న, ఎదుర్లంకలో. లంక అన్న మాట గోదావరి జిల్లాల శ్రోతలకి విడమరిచి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. నది మోసుకొచ్చిన ఒండ్రు మేట వేసి, పాయల మధ్య తేలిన నేల లంక. పంట బాగా పండుతుంది. వరదొస్తే మాత్రం నదికి ముందు లొంగేది అదే. ఎదుర్లంక గౌతమీ గోదావరికి ఇవతలి ఒడ్డున, అవతల యానాం. ఇవతల కోనసీమ, అవతల ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ ఊరు. మధ్యలో వంతెన లేని రోజులవి.

ఆ రేవు నాకు బాగా గుర్తు. 1983లో మా అమ్మ నన్నూ చెల్లెల్నీ వెంటబెట్టుకుని మురమళ్ళ బయల్దేరింది. మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తే పెళ్ళికానివాళ్ళకి సంబంధం కుదురుతుందని మా వైపు గట్టి నమ్మకం. కాకినాడ దాకా బస్సు, అక్కణ్ణించి యానాం దాకా ఇంకో బస్సు, ఆ తర్వాత గోదారి. రేవులో పంటు కోసం కూర్చుంటే ఎంతకీ రాదు. వచ్చాక మనుషులకన్నా ముందు సైకిళ్ళెక్కాయి, వాటి వెనక కొబ్బరికాయల బస్తాలు, కొత్త పెళ్ళికూతురి రేకు పెట్టె, మూతికి గుడ్డ కట్టిన రెండు పాలబిందెలు, కాళ్ళు కట్టిన ఒక మేకపిల్ల. ఆఖరున మేం. మా అమ్మ నది మధ్యకొచ్చాక పసుపూ కుంకుమా నీళ్ళలో వేసి, కొంగు ముడిలోంచి ఒక అర్ధరూపాయి తీసి అదీ వేసింది. తిరుగు ప్రయాణంలో ఆఖరి పంటు తప్పిపోయింది. రాత్రంతా ఒడ్డున పాకలో దోమలతో జాగారం. అవతల ఒడ్డున యానాం దీపాలు చేతికందేలా ఉన్నాయి. మాకు మాత్రం తెల్లవారేదాకా అందలేదు. యానాంలో ఉండిపోయే మగవాళ్ళలో కొందరికి పంటు తప్పిపోవడం ఇష్టంగానే ఉండేదని చెప్పుకునేవారు, అక్కడ సారా దుకాణాల ధరలు వేరు. మేం ఇవతల ఇరుక్కున్నాం గనక ఆ సౌకర్యమూ లేదు.

మాకది ఒక్కరాత్రి ముచ్చట. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి బతుకంతా అంతే. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా, పరీక్ష ఉన్నా రేవుకే రావాలి. బాలయోగిగారి చిన్నప్పుడు ఆ ఊళ్ళో ప్రాథమిక బడి కూడా సరిగ్గా లేదు. అక్షరాలు దిద్దుకోవడానికే ఊరు దాటి పోవాల్సిన పిల్లవాడు. వ్యవసాయం చేసుకునే దళిత కుటుంబం. అక్కణ్ణించి కాకినాడ చదువుకొచ్చి, ఎం.ఏ. చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా పుచ్చుకుని, 1980లో కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు.

ఒక విచిత్రం చూడండి. జిల్లా పరిషత్ చేతిలో ఉండేవాటిలో ముఖ్యమైనవి హైస్కూళ్ళు. ఇవాళ్టికీ పల్లెటూళ్ళో ప్రభుత్వ బడి గోడ మీద 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అనే రాసుంటుంది. సొంత ఊళ్ళో పలక పట్టడానికి చోటు లేక పొరుగూరు నడిచిన మనిషి, జిల్లాలో ఉన్న అన్ని పరిషత్ హైస్కూళ్ళకీ పెద్ద అయ్యాడు.

జిల్లా పరిషత్తుకి రావడానికి రెండేళ్ళ ముందు, 1985లో, ఇంకొకటి జరిగింది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది అదే. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటుగా ఎంపికయ్యారు, కొద్దిరోజుల్లోనే రాజీనామా ఇచ్చి మళ్ళీ బారుకి వచ్చేశారు.

మెజిస్ట్రేటు ఉద్యోగం అంటే ఏమిటో బయటివాళ్ళకి అంతగా తెలియదు. ఆ రోజుల్లో చిన్న ఊళ్ళ కోర్టుల్లో ప్లీడరుకి నెలలో సగం రోజులు ఫీజు రాదు. వచ్చిన ఫీజు బియ్యం రూపంలోనో అరటిగెల రూపంలోనో వస్తుంది. నాకు ఒకాయన రెండు వాయిదాలకి ఒక పనసకాయ ఇచ్చాడు. అలాంటి చోట ప్రభుత్వం పిలిచి జీతం ఇస్తానంటే, డవాలా జవాను ముందు నడుస్తుంటే, "యువరానర్" అని ఎదటివాళ్ళు వంగుతుంటే ఎవరొద్దంటారు? అందులోనూ తరతరాలుగా ఎవరూ కుర్చీ వెయ్యని ఇంట్లోంచి వచ్చిన మనిషి. ఆయన ఇంట్లోవాళ్ళు ఆ రోజు ఏమనుకున్నారో మనం ఊహించుకోవాల్సిందే. ఆయన మాత్రం ఆ కుర్చీ దిగొచ్చేశారు. మరుసటి ఏడు, 1986లో, కాకినాడ కోఆపరేటివ్ టౌన్ బ్యాంకు వైస్ చైర్మన్. ఆ పై ఏడు జిల్లా పరిషత్.

అక్కణ్ణించి లెక్క తొందరగా చెప్పేస్తాను. 1991లో తెలుగుదేశం తరఫున అమలాపురం నుంచి పార్లమెంటుకి. 1996లో అదే అమలాపురంలో ఓటమి. తర్వాత ముమ్మిడివరం ఉపఎన్నికలో గెలిచి అసెంబ్లీకి, చంద్రబాబు నాయుడుగారి మంత్రివర్గంలో ఉన్నత విద్యాశాఖ. 1998లో తిరిగి అమలాపురం నుంచి లోక్‌సభకి. ఇంతవరకూ ఇది మన రాష్ట్రంలో చాలామంది జిల్లా నాయకుల కథే. మా పెద్దాపురం సంగతే తీసుకోండి, 2014లో మా ఎమ్మెల్యేగా గెలిచి ఉపముఖ్యమంత్రి, హోంమంత్రి అయిన నిమ్మకాయల చినరాజప్పగారూ కోనసీమ మనిషే, ఆయనా జిల్లాలో పార్టీ పనిలో నలిగి వచ్చినవారే. జిల్లా స్థాయిలో తిరిగి తిరిగి పైకొచ్చే ఈ దారి మనకి కొత్తది కాదు.

కొత్తది 1998 మార్చి 24న జరిగింది. ఆ ఏడు లోక్‌సభ ఎన్నికల్లో ఎవరికీ పూర్తి మెజారిటీ రాలేదు. వాజపేయిగారి ప్రభుత్వానికి తెలుగుదేశం 12 మంది సభ్యుల మద్దతు కావాల్సి వచ్చింది. ఆ లెక్కల్లో స్పీకర్ పదవి తెలుగుదేశం వైపుకొచ్చింది, ఎదుర్లంక మనిషి లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన. అంతకుముందు మన నేల నుంచి ఆ కుర్చీ ఎక్కినవాళ్ళు ఇద్దరు. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు ఒకరు, నీలం సంజీవరెడ్డిగారు ఒకరు. ఇద్దరూ స్వాతంత్ర్య పోరాటం నాటి ఉద్దండులు. వాళ్ళ తర్వాత ఢిల్లీలో ఎవరికీ పెద్దగా తెలియని ఒక జిల్లా పరిషత్ మాజీ చైర్మన్.

"ఈయన నెగ్గుకురాగలడా?" అని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా బార్ రూములో దాని మీద రోజూ వాదనే. టీవీలో ప్రశ్నోత్తరాల సమయం వస్తుంటే చూసేవాళ్ళం. అటువైపు అరవై ఏళ్ళ రాజకీయం నమిలేసినవాళ్ళు లేచి అరుస్తుంటారు. ఈయన కుర్చీలో కొంచెం ముందుకి వంగి, నవ్వుమొహంతోనే కూర్చోమని చెయ్యి కిందికి చూపిస్తుంటారు. వాళ్ళు కూర్చోరు. ఈయన మొహం మారదు. "ఇంత మెత్తనివాడైతే ఎలాగయ్యా" అని మా సీనియర్ ఒకాయన విసుక్కునేవారు. ఆ జులైలోనే మహిళా రిజర్వేషన్ బిల్లు సభ ముందుకొస్తే ప్రతులు లాక్కుని, సభ నడిబొడ్డున చింపి పోగులు పెట్టారు. ఆ కాగితం ముక్కల్ని చూసి మా సీనియర్ వాదన గెలిచినట్టే అనుకున్నాం.

ఇక 1999 ఏప్రిల్ 17. శనివారం.

జయలలితగారు మద్దతు తీసేశారు. వాజపేయిగారు విశ్వాస తీర్మానం పెట్టారు. సభలో ప్రతి తలా లెక్కే. అప్పుడు లేచింది గిరిధర్ గమాంగ్ ప్రశ్న. ఆయన ఒడిశాలో కోరాపుట్ నుంచి లోక్‌సభ సభ్యుడు. ఫిబ్రవరిలో ఒడిశా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, లోక్‌సభ సభ్యత్వానికి మాత్రం ఇంకా రాజీనామా ఇవ్వలేదు. ఓటెయ్యడానికి భువనేశ్వర్ నుంచి విమానంలో వచ్చారు. ఒక రాష్ట్రాన్ని ఏలుతున్న ముఖ్యమంత్రి ఢిల్లీలో కూర్చుని కేంద్ర ప్రభుత్వాన్ని దించే ఓటు వెయ్యవచ్చా? పాలకపక్షం గగ్గోలు పెట్టింది. తేల్చాల్సింది కుర్చీలో ఉన్నాయన.

ప్లీడరుగా ఈ ముక్క కాస్త వివరంగా చెప్పనివ్వండి. ముఖ్యమంత్రి అయినవాడు ఆరు నెలల్లోగా రాష్ట్ర శాసనసభకి ఎన్నికైతే చాలు, రాజ్యాంగం 164వ అధికరణం ఆ వెసులుబాటు ఇచ్చింది. పార్లమెంటులోనూ శాసనసభలోనూ ఒకేసారి సభ్యుడిగా ఉండకూడదని 101వ అధికరణం. గమాంగ్ అప్పటికింకా శాసనసభకి ఎన్నిక కాలేదు. కాబట్టి రెండుచోట్లా సభ్యుడన్న అభ్యంతరం లేదు. రాజీనామా ఇవ్వలేదు, కాబట్టి లోక్‌సభ సభ్యుడే. సభ్యుడైనవాడి ఓటు ఆపడానికి చట్టంలో ఎక్కడా పట్టు దొరకదు. పోనీ మర్యాదా అంటే, ముఖ్యమంత్రి అయిన రోజే ఇక్కడ రాజీనామా ఇవ్వడం మర్యాద. చట్టం ఒకవైపు, మర్యాద ఇంకోవైపు. బాలయోగిగారు ఆ విషయాన్ని గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు.

ఆ రోజు మా వీధిలో కలర్ టీవీ ఉన్న ఇంటి వసారా నిండిపోయింది. ఫలితం చదివారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. పక్కనున్న కిళ్ళీకొట్టు కుర్రాడు "ఒక్కటేనా" అని రెండుసార్లు అడిగాడు.

కుర్చీలో ఉన్న మనిషి పార్టీ ఆ రోజు ప్రభుత్వం వైపే ఓటేసింది. తన పార్టీ నిలబెట్టాలనుకున్న ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిందన్న మాటని తన నోటితోనే చదవాల్సి వచ్చింది. పైగా ఆయన లోక్‌సభ సభ్యుడే, అమలాపురం ప్రజలు పంపిన ఓటు ఆయన దగ్గరా ఒకటుంది. కానీ స్పీకర్ మొదటి విడతలో ఓటెయ్యకూడదు, 100వ అధికరణం. రెండువైపులా సమానంగా వస్తే మాత్రం ముడి విప్పే ఓటు ఆయనదే. ఇప్పుడు లెక్క చూడండి. గమాంగ్ "నేను ముఖ్యమంత్రిని, ఈ ఓటు నాది కాదు" అని చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటే 269, 269. అప్పుడు దేశాన్ని ఎవరు ఏలాలన్నది ఎదుర్లంకలో పుట్టిన ఒక్క మనిషి చేతిలోకి వచ్చేది. గమాంగ్‌ని ఓటెయ్యనిచ్చి ఆయన ఆ అవకాశాన్ని తన చేతుల్లోంచి తనే జారవిడిచారు. మా సీనియర్ దాన్ని చేతకానితనం అన్నారు. ఆ రోజు నేనూ తలూపాను. తర్వాత్తర్వాత చట్టం పుస్తకం తీసి చూసినకొద్దీ నాకు వేరే తోచింది. ఓటు ఆపి ఉంటే తన పార్టీ కోసం ఆపాడన్న మాట ఆ కుర్చీకి ఎప్పటికీ అంటుకునేది. మెజిస్ట్రేటు ఉద్యోగం ఎందుకు వదిలేశారో నాకు తెలియదుగాని, మెజిస్ట్రేటు బుద్ధి మాత్రం పోలేదు.

ఆ ఒక్క ఓటు గమాంగ్ గారిదేనని లోకం అంటుంది, అది కూడా న్యాయం కాదు. కాశ్మీరు సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ విప్‌ని కాదని వ్యతిరేకంగా వేశారు. మాయావతిగారి పార్టీ ముందు ఒకలా సూచించి, సభలో ఇంకోలా వేసింది. 270లో ప్రతి ఓటూ ఆ ఒక్క ఓటే.

ఇలాంటివి ఇతర దేశాల్లోనూ జరిగాయి. 1979లో ఇంగ్లండులో కాలహన్ ప్రభుత్వం 311, 310తో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రోజు కాలహన్ పార్టీ సభ్యుడొకాయన మంచం మీద ఉన్నాడు. ఆ స్థితిలో తీసుకురావద్దని ఆగిపోయారు. ఆ తర్వాత వచ్చింది థాచర్ ప్రభుత్వం. జర్మనీవాళ్ళు ఇంకో ఉపాయం పెట్టుకున్నారు. అక్కడ ప్రభుత్వాన్ని దించాలంటే కాదంటే సరిపోదు, తర్వాత ఎవరో పేరు కూడా అదే ఓటులో తేల్చాలి. 1972లో విల్లీ బ్రాంట్‌ని దించి రైనర్ బార్ట్‌సెల్‌ని నిలబెట్టబోతే 249 కావాల్సిన చోట 247 వచ్చాయి. బ్రాంట్ మిగిలారు. మన దగ్గర ఆ నియమం లేదు. 270 మంది కాదన్నారుగాని, ఎవరు కావాలో వాళ్ళలో వాళ్ళకే కుదరలేదు. ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దయింది, దేశమంతా మళ్ళీ ఎన్నికలకి పోయింది.

ఆ ఎన్నికల్లో తెలుగుదేశం 29 గెలిచింది. వాజపేయిగారు తిరిగొచ్చారు. అక్టోబరు 22న బాలయోగిగారిని స్పీకరుగా రెండోసారి ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఏకగ్రీవం అంటే, ఆరు నెలల కిందట ఆయన కుర్చీలో ఉండగా గెలిచినవాళ్ళూ, ఓడినవాళ్ళూ, ఇద్దరూ సరేనన్నారు. మా సీనియర్ దీనికి ఏమీ అనలేదు. చుట్ట వెలిగించుకుని బయటికెళ్ళారు.

రెండో విడతలో ఆయన మెత్తదనానికి కొంచెం వెన్నెముక వచ్చిందనిపిస్తుంది. 2000లో లోక్‌సభకి తొలిసారిగా ఎథిక్స్ కమిటీ వేశారు, మాజీ ప్రధాని చంద్రశేఖర్‌గారు అధ్యక్షులు. 2001 నవంబరులో ముఖ్యమంత్రుల్నీ సభాపతుల్నీ పార్టీల నాయకుల్నీ పిలిచి సభామర్యాద మీద సమావేశం పెట్టారు. మరుసటి నెలలో సభా నియమావళిలో 374ఏ అన్న కొత్త నిబంధన చేరింది. సభ మధ్యలోకి దూసుకొచ్చి అల్లరి చేసేవాణ్ణి స్పీకర్ పేరు పెట్టి పిలిచారంటే ఓటింగు, తీర్మానం ఏమీ అక్కర్లేదు, ఐదు సిట్టింగులో, ఆ సమావేశాల్లో మిగిలిన రోజులో, ఏది తక్కువైతే అంతవరకూ బయటే. ఇవాళ పార్లమెంటులో ఎవర్నో సస్పెండ్ చేశారని వార్తల్లో వింటుంటే, ఆ నంబరు వినపడినప్పుడల్లా నాకు చింపేసిన ఆ బిల్లు కాగితాలే కళ్ళ ముందు ఆడతాయి. అదే డిసెంబరు 13న పార్లమెంటు మీద ఉగ్రవాదుల దాడి జరిగింది. అప్పటికి సభ వాయిదా పడింది. సభ్యులు చాలామంది లోపలే ఉన్నారు. ఆయన స్పీకరుగా ఉన్న నాలుగేళ్ళలో కుర్చీకి తీరిక లేదు.

2002 మార్చి 3, ఆదివారం. బడ్జెట్ పెట్టి మూడు రోజులే అయింది. రేడియో పెడితే గుజరాత్ అల్లర్ల వార్తలే. ఆ పొద్దున బాలయోగిగారు భీమవరం నుంచి హైదరాబాదుకి హెలికాప్టర్‌లో బయల్దేరారు. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో అది చెరువులో కూలింది. ఆయనా, ఆయన అంగరక్షకుడూ, పైలటూ, ముగ్గురూ పోయారు. కొల్లేటి వైపు చేపల చెరువులు మీరు చూసే ఉంటారు, కనుచూపు మేర నీళ్ళూ గట్లూ తప్ప ఏమీ ఉండవు.

నేను ఆ పూట మా పెరట్లో ఉన్నాను. లోపల్నించి రేడియో మాట వినబడింది, ఊరి పేరు సరిగ్గా చెవిని పడలేదు, 'లంక' అన్నది మాత్రం వినబడింది. ఎదుర్లంకలో ఏదో జరిగింది కాబోలనుకున్నాను. గోదావరి లంకలో పుట్టి కొల్లేటి లంకలో వెళ్ళిపోయారని అర్థం కావడానికి మళ్ళీ వార్తలు వినాల్సి వచ్చింది. యాభై ఏళ్ళ వయసు. 1956లో మావలంకర్ తర్వాత పదవిలో ఉండగా కన్నుమూసిన స్పీకర్ ఆయనే. మర్నాడు మా కోర్టులో ఎవరూ పనిచెయ్యలేదు. సంతాపం చెప్పాల్సొచ్చినప్పుడు మా సీనియరే లేచారు. రెండు మాటలు చెప్పి, "మెత్తనివాడు" అని ఆగిపోయి, కూర్చున్నారు. నాలుగేళ్ళ కిందటి మాటే, ఈసారి వేరేలా వినబడింది.

ఆ తర్వాత ఆయన భార్య విజయకుమారిగారు ఉపఎన్నికలో అమలాపురం నుంచి గెలిచారు. ఆయన కుమారుడు హరీష్ మాధుర్‌గారు 2024లో అదే స్థానం నుంచి లోక్‌సభకి వెళ్ళారు. హైదరాబాదు గచ్చిబౌలి అథ్లెటిక్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు, ఢిల్లీలో పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని ఆడిటోరియానికీ ఆయన పేరే. కోటిపల్లి నుంచి కోనసీమ మీదుగా నర్సాపురం పోయే రైలుమార్గం ఆయన గట్టిగా పట్టుకున్న పని. రైలు కన్నా స్తంభాలే ముందు కనిపించిన మార్గం అది, గోదాట్లో వాటిని చూసి చాలా ఏళ్ళు నిట్టూర్చాం.

2022లో మా జిల్లాని విడదీశారు. పెద్దాపురం కాకినాడ జిల్లాలో పడింది. ఎదుర్లంక అంబేడ్కర్ కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది.  1987లో ఆయన ఊరూరూ తిరిగి ఓటడిగిన జిల్లా ఆ రూపంలో ఇప్పుడు పటంలో లేదు. అమలాపురం నియోజకవర్గం ఎప్పుడూ మాది కాదు కాబట్టి, ఆయనకి ఓటేసే అవకాశం నాకు జీవితంలో ఒక్కసారి కూడా రాలేదు. దివిలి ఆసామికి వచ్చింది. గట్టు తగాదా మాత్రం ఓడిపోయాడు పాపం, తప్పు నా వాదనలోనే ఉంది.

మొన్న కార్తీకంలో మా మనవరాలి పెళ్ళి మాటలకని మళ్ళీ మురమళ్ళ వెళ్ళాం. కాకినాడలో అమలాపురం బస్సెక్కాం. యానాం దాటింది. కిటికీ పక్కన కూర్చున్న మనవరాలు వేరుశనగకాయల పొట్లం విప్పింది. ఎదుర్లంక వంతెన మీదికి బస్సెక్కింది, బాలయోగిగారి పేరే దానికీ. ఆయన పోయాక వాడుకలోకి వచ్చింది. నేను కిందికి వంగి పాత రేవు ఎక్కడుందా అని చూస్తున్నాను. నీళ్ళలో అర్ధరూపాయి వేద్దామని జేబులో చెయ్యి పెట్టేలోపల, పొట్లంలో సగం కాయలన్నా తినకుండానే, కండక్టరు కేక వేశాడు.

"ఎదుర్లంక. ఎదుర్లంక దిగేవాళ్ళు ముందుకి రండమ్మా."